దిండెక్కిన కాపరి పురుగు

దిండు మీద పురుగును చూసి రాహేలమ్మ అరవలేదు. కాలి చెప్పు తీసింది.

"అత్తయ్యా, కొట్టకండి!"

వారిజ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. చేతులకు ఇడ్లీ పిండి. ఎత్తిన చెప్పు గాలిలోనే ఆగింది.

"కొట్టకుండా ముద్దెట్టుకోమంటావా? నా దిండు మీద కాపరం పెట్టింది. నల్లేమో అనుకున్నాను. నల్లికి ఇంత పొగరుండదు."

"నల్లి కాదు. మీరు కదలకండి."

వారిజ కాఫీ సాసరు తెచ్చి, పాత శుభలేఖ అంచుతో పురుగును అందులోకి తోసింది. మెడలో గొలుసుకు వేలాడే భూతద్దం కంటికి ఆనించుకుంది. ఇళ్ళలో దొరికే పెంకు పురుగులు ఆమెకు చుట్టాల కన్నా బాగా తెలుసు. మూతి తొండంలా ముందుకు సాగితే బియ్యం పురుగు. పొట్టిగా, వెనక భాగం పెంకు దాటి బయటికి కనిపిస్తే పెసల పురుగు. సన్నగా, ఎర్రగా, బల్లపరుపుగా ఉంటే పిండి పురుగు. తల దించుకుని వీపు గూనిగా ఉంటే పసుపు కొమ్ములనూ ఎండుమిరపనూ తొలిచేది. సాసర్లో తిరుగుతున్నది వీటిలో ఏదీ కాదు. నల్లటి పెంకు, రెండు రెక్కల మీదా సన్నటి రాగి రంగు గీత.

ఆ గీత ప్రకృతి గీసింది కాదు. వారిజ గీసింది.

"ఇది నాదే," అంది నెమ్మదిగా.

"నీదైతే నీ దిండు మీద పెట్టుకో. నా మీదకెందుకు తోలేవే పిల్లా?"

వారిజ సాసరు మీద శుభలేఖ మూసింది. ఆమె కళ్ళు వంటింట్లో ఉన్న బియ్యం డబ్బా వైపు తిరిగాయి. ఆ పురుగు ఉండాల్సిన చోటు అది. అందులోంచి వాకిలి దాటి, గది దాటి, మంచం కోడు ఎక్కి దిండు దాకా రావడానికి దానికి కారణం ఉండకూడదు.

దాని పేరు కాపరి. తాడేపల్లిగూడెం శివార్లలో కోదండం గారి ఉప్పుడు బియ్యం మిల్లు వెనక ఒక రేకుల షెడ్డులో, ఆయన దగ్గర ఉద్యోగం చేస్తూ వారిజ దాన్ని తయారు చేసింది. బియ్యంలో పురుగు పడకుండా జనం విషపు బిళ్ళలు వేస్తారు. గాలిలో తేమ తగిలితే అవి వాయువు వదులుతాయి. కిటికీలు మూసుకుని బస్తాల పక్కన పడుకున్న కుటుంబాలు తెల్లారి లేవని సంగతులు ఆమె విన్నది. ఇళ్ళకు ఈ పురుగును పంపి బిళ్ళ అవసరం లేకుండా చేయాలనుకుంది. పురుగు పట్టిన గింజ వేడెక్కుతుంది, చెమ్మగిల్లుతుంది, కంటికి కనిపించక ముందే బూజు పడుతుంది. కాపరి ఆ బూజు వాసన పట్టుకుని వెళ్ళి అక్కడి పిల్ల పురుగులను తినేస్తుంది. బియ్యం ముట్టదు, మనిషిని కుట్టదు. బయటికి వదిలినవి పిల్లలను పెట్టవు. తల్లి పురుగులు షెడ్డులోని వెచ్చటి అలమరలోనే ఉంటాయి. బూజు వాసన లేని చోటికి కాపరి ఒక్క అడుగు కూడా వెయ్యదు.

మరి ఈ దిండు?

వారిజకు ఒకటే సమాధానం తోచింది. మంచం దగ్గర బియ్యంతో చేసినదేదో ఉంది.

"అత్తయ్యా, ఏం దాచారు?"

"ఏంటి దాచేది?"

"షుగర్ ఎంతుందో మొన్ననే కదా చూపించుకున్నారు?"

రాహేలమ్మ మొహం ఎర్రబడింది. మిల్లులో ఆడకూలీల ముఠాకు మేస్త్రీగా పాతికమందిని కంటిచూపుతో నడిపిన మనిషి. ఆమెను సోదా చేస్తానన్న వాళ్ళు ఇంతవరకూ లేరు.

"ప్రకాశం! ఒరే ప్రకాశం! నీ పెళ్ళాం నన్ను దొంగని చేసిందిరా!"

రైల్వేలో డ్యూటీ దిగి అప్పుడే పడుకున్న కొడుకు కళ్ళు నులుముకుంటూ వచ్చాడు. తల్లి వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. మంచం కింద ట్రంకు పెట్టె లాగాడు. ఆదివారం చర్చికి కట్టుకునే తెల్ల చీర కింద అట్టపెట్టె దొరికింది. ఆత్రేయపురం పూతరేకులు. సగం ఖాళీ.

"క్రిస్మస్‌కి దాచేను," అంది రాహేలమ్మ.

"ఇది జూన్ నెలమ్మా."

"ముందు చూపు."

ప్రకాశం నవ్వాపుకోలేక గోడ వైపు తిరిగాడు. వారిజ నవ్వలేదు గాని గుండె తేలికపడింది. పూతరేకు అంటేనే బియ్యపు గంజితో పోసిన రేకు. వానాకాలం చెమ్మకు బూజు పట్టి ఉంటుంది, కాపరి పట్టుకుంది. తన పురుగు ఎంత గొప్పదో అనుకుంటూ పెట్టె తీసుకెళ్ళి పారేసింది. కేసు మూసేసింది.

మర్నాడు పొద్దున దిండు మీద గుంపు ఉంది.

రాగి గీతలన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. రాహేలమ్మ తల ఆనిన చోట దిండు గుంట పడింది. ఆ గుంట చుట్టూ అవి కదలకుండా కూర్చున్నాయి, వడ్డన కోసం పంక్తిలో కూర్చున్నట్టు.

ఈసారి రాహేలమ్మ చెప్పు తియ్యలేదు. మంచం చివరికి జరిగి కూర్చుంది.

"ఇప్పుడేమంటావు? ఈసారి నా కడుపు కోసి చూస్తావా?"

ఆ గొంతులో కోపం లేదు. ఎన్నడూ లేని బెరుకు ఉంది. వారిజ మొదటిసారి అత్తగారి ఊపిరి విన్నది. లోపల ఎక్కడో సన్నగా ఈల వేసినట్టుంది.

"రండి, షెడ్డుకి వెళ్దాం," అంది.

*

షెడ్డులో రెండు కొమ్మలుగా చీలిన గాజు గొట్టం ఉంది. మొదట్లో పురుగును వదిలి, ఒక్కో కొమ్మ చివర ఒక్కో వాసన పెడితే, అది ఏ కొమ్మలోకి నడిస్తే దానికి ఆ వాసన కావాలన్నమాట. వారిజ ఒక కొమ్మకు బూజు పట్టిన వడ్ల సీసా తగిలించింది. రెండో కొమ్మకు పుట్టినరోజు బుడగ.

"ఊదండి అత్తయ్యా."

"నా వయసుకి బుడగలూదాలా?"

"గట్టిగా."

రాహేలమ్మ ఊదింది, దగ్గింది, మళ్ళీ ఊదింది. వారిజ బుడగ మూతి విప్పి గాలి నెమ్మదిగా గొట్టంలోకి వదిలింది. కాపరి చీలిక దగ్గర ఆగింది. మీసాలు ఆడించింది. వడ్ల వైపు వీపు తిప్పి బుడగ వైపు పరుగెత్తింది. రెండోది అదే పని చేసింది. మూడోది కూడా. తర్వాత వారిజ తన ఊపిరి పట్టింది. కాపరి అటు తిరిగి కూడా చూడలేదు.

 సమాధానం చాలా సూటిగా ఉంది. బూజు మంచం కింద లేదు. మనిషి లోపల ఉంది.

"మీకు చిన్నప్పుడు టీబీ వచ్చింది కదూ?"

"చిన్నప్పుడేంటి, ప్రకాశం కడుపులో ఉండగా. మందులు మింగేను, పోయింది. మిల్లులో సగం మందికి వచ్చిందే అది."

కాకినాడలో ఛాతీ వైద్యుడు హబీబుల్లా స్కాన్ తెర మీద వేలు పెట్టి చూపించాడు. పాత టీబీ కుడి ఊపిరితిత్తి పైభాగంలో చిన్న గుహ తవ్వి వెళ్ళిపోయింది. ఏళ్ళ తరబడి తడి వడ్ల బూజు ధూళి పీల్చిన మనిషి. ఆ గుహలో బూజు చేరి ఉండ కట్టింది.

"ఇది అంటువ్యాధి కాదు. కాని ఏదో ఒకరోజు పక్కనున్న రక్తనాళాన్ని కొరికితే నోటి నిండా నెత్తురొస్తుంది. అప్పుడు మేం అందుకోలేం. మామూలుగా నెత్తురు పడ్డాకే వస్తారమ్మా మా దగ్గరికి. మీరింత ముందే ఎలా కనుక్కున్నారు?"

"పురుగు చెప్పింది," అంది రాహేలమ్మ.

డాక్టరు నవ్వాడు. వారిజ వివరంగా చెప్పేసరికి నవ్వు ఆగిపోయింది. కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

ఆ భాగం తీసెయ్యాలన్నాడు. 

"సగం ఊపిరి మిల్లుకిచ్చేను. మిగతా సగం మీకా?"

"మీకు చాలినంత మిగులుస్తానమ్మా. మీ కోడలితో పోట్లాడ్డానికి సరిపోతుంది."

"అయితే కొయ్యండి."

*

పొరపాటు వారిజ దగ్గరే జరిగింది. అది కూడా సంతోషంలో.

ఆపరేషన్‌కు సెలవు అడగడానికి వెళ్ళి, కోదండం గారి ఆఫీసు గదిలో టీ తాగుతూ మొత్తం చెప్పేసింది. మిల్లులో టీబీ వచ్చి తగ్గిన వాళ్ళు ఎందరో ఉన్నారు. ఒక్కొక్కరినీ అడిగి, ఒప్పుకున్నవాళ్ళ ఊపిరి పరీక్షిస్తే ప్రాణాలు నిలబడతాయి. బియ్యం కాపాడమని చేసిన పురుగు మనుషులను కాపాడుతుంది. మాట్లాడుతూ ఆమె లేచి నిలబడింది కూడా.

కోదండం శ్రద్ధగా విన్నాడు. నుదుట విభూతి, ఇస్త్రీ మడత నలగని చొక్కా, ఎవరితోనూ గొంతు పెంచని మనిషి.

"చాలా మంచి మాటమ్మా. మీ అత్తగారు మన మిల్లు మనిషి. దగ్గరుండి చూసుకో. ఇక్కడి సంగతి నేను చూస్తాను."

ఆయన చూశాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. రాహేలమ్మను ఇంటికి తెచ్చిన మర్నాడు వారిజ మిల్లుకు వెళ్ళింది. గేటు దగ్గర బల్ల, బల్ల మీద గాజు పెట్టె, అందులో కాపరులు. గోదాముల్లో వదలడానికి ఆమె ఇచ్చి వెళ్ళినవే. పెట్టెకు ఒకవైపు రబ్బరు గొట్టం. పనిలోకి వెళ్ళే ప్రతి మనిషీ అందులోకి ఊదాలి. పురుగులు గొట్టం వైపు పరుగెత్తాయా, ఆ మనిషి లోపలికి వెళ్ళడు.

"ఎంతమంది?" అని వాచ్‌మన్‌ను అడిగింది.

వాచ్‌మన్ పోలయ్య నేల చూశాడు. "చాలామంది భయపడి రావడం మానేసేరండి. పురుగులెక్కింది మాత్రం తాయారుకండి. అందరూ చూస్తండగానే. పక్కనున్నోళ్ళంతా ఒక్కసారి ఎనక్కి జరిగిపోయేరు. బకెట్టులో నీళ్ళు తాగబోతే గ్లాసు లాక్కున్నారండి. అదే రోజు ఊరొదిలి ఎల్లిపోయింది."

మంగతాయారు. కళ్ళంలో వడ్లు ఆరబోసే మనిషి, రాహేలమ్మ చేతి కింద పని నేర్చుకున్నది. వారిజ పెళ్ళిలో అందరికన్నా గట్టిగా పాడింది.

వారిజ ఆఫీసు గది తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

"గేటు దగ్గర ఆ పెట్టె ఏంటండీ?"

"నీ పురుగేగా అమ్మా. నువ్వేగా చెప్పావు."

"అడిగి చెయ్యమన్నాను. ఒక్కొక్కరికీ విడిగా. దొరికితే ఆస్పత్రికి పంపమన్నాను!"

"నేనెవర్నీ తీసెయ్యలేదు. రెస్టు తీసుకోమన్నాను."

"అది అంటుకునే జబ్బు కాదు."

"నాకు తెలుసు." కోదండం కళ్ళజోడు తుడుచుకున్నాడు. "కళ్ళంలో ఉన్నవాళ్ళకి తెలీదుగా. చూడమ్మా వారిజా, నీకు దాపరికం లేకుండా చెబుతాను. రేపు ఎవడో ఒకడు ఈ జబ్బు మిల్లు ధూళి వల్లే వచ్చిందంటాడు. అనేలోపు అది ఉన్నవాళ్ళెవరూ నా మిల్లులో ఉండకూడదు. నీ పురుగు వల్ల నాకు ఇంత మేలు జరుగుతుందని నేనూ అనుకోలేదు. పక్క ఊళ్ళ మిల్లుల వాళ్ళు కూడా పెట్టెలు కావాలంటున్నారు. నీ షెడ్డు పెద్దది చేద్దాం."

వారిజకు అరవాలనిపించింది. అరవలేదు. తాయారు లోపల ఉన్న ఉండ ఎప్పుడు నాళాన్ని కొరుకుతుందో తెలీదు. తాయారుకు ఆ సంగతే తెలీదు. తనను వెలివేశారని మాత్రమే తెలుసు. ఆ వెలి వేసిన చెయ్యి తనది. పురుగు తనది, రాగి గీత తనది.

"ఆలోచిస్తానండీ," అని బయటికొచ్చింది.

ఆలోచన గుమ్మం దాటేలోపే అయిపోయింది. గేటు పెట్టెలో ఉన్నవి పిల్లలను పెట్టవు. వాటి ఆయువు తీరితే పెట్టె ఖాళీ. కొత్తవి రావాలంటే తల్లి పురుగులు కావాలి. అవి షెడ్డులో ఉన్నాయి, షెడ్డు కోదండం గారి స్థలంలో ఉంది. అంటే తల్లులు బయటికి రావాలి. ఇవాళే రావాలి.

ఇంటికి ఫోన్ చేసింది. "ప్రకాశం, ఇంట్లో ఉన్న క్యారేజీలన్నీ పట్టుకురా. ఖాళీవి."

"ఖాళీవా? భోజనం వద్దా?"

"వద్దు. నీకు కూడా లేదు."

మధ్యాహ్నం భోజనాల గంట కొట్టారు. కూలీలు గేటు అవతల చెట్ల కిందికి క్యారేజీలు పట్టుకుని వెళ్తున్నారు. ఆ గుంపులో వారిజ, ప్రకాశం. నాలుగేసి గిన్నెల స్టీలు క్యారేజీలు రెండు చేతులా. ఒక్కో గిన్నెలో వెచ్చటి తవుడు, తవుడులో కాపరి తల్లులు. మూతలు బిగించినా లోపల గీకుతున్న చప్పుడు వారిజ వేళ్ళకు తెలుస్తోంది.

గేటు దగ్గర కోదండం కారు ఎక్కబోతూ ఆగాడు.

"ఏంటమ్మా, ఇన్ని క్యారేజీలు?"

"మా అత్తగారు ఇంటికొచ్చారు కదండీ. అందరికీ భోజనం పంపించారు. మిగిలింది తీసుకెళ్తున్నాం."

"ఏం కూర?"

"కాకరకాయండీ," అన్నాడు ప్రకాశం. "పెట్టమంటారా? కారం కాస్త ఎక్కువైంది."

కోదండం చెయ్యి ఊపి కారెక్కాడు. కారు మలుపు తిరిగేదాకా ప్రకాశం ఊపిరి బిగబట్టి, తర్వాత అన్నాడు: "తిని ఉంటే?"

"బియ్యం పురుగులు తప్ప ఇంకేం తినవవి."

"నేనడిగింది ఆయన సంగతి."

ఆ సాయంత్రం షెడ్డు అలమరలో ఖాళీ అరలు చూసి కోదండం ఫోన్ చేశాడు. వారిజ ఒకటే మాట చెప్పింది. తల్లులు ఎవరి సొత్తో తేల్చుకోవాలంటే కోర్టుకు రావచ్చు, అక్కడ గేటు పెట్టె సంగతి మొదటి నుంచీ తానే చెబుతుంది.  అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు వినిపించింది. ఆమె ఉద్యోగం, షెడ్డు, ఇళ్ళలో బియ్యం డబ్బాలకు కాపరులను పంపే పథకం, అన్నీ ఆ చప్పుడుతో ముగిశాయి. ఇక కొన్నాళ్ళు జనం మళ్ళీ బిళ్ళలే వేసుకుంటారు. ఆ సంగతి వారిజకు తెలుసు. తెలిసే చేసింది.

*

తాయారు కోసం వెతుకులాట మొదలైంది.

చెల్లెలి ఊళ్ళో లేదు. ఇటుక బట్టీల్లో లేదు. రైలు దిగేవాళ్ళనూ ఎక్కేవాళ్ళనూ ప్రకాశం ఆరా తీశాడు. చివరికి టికెట్ల దగ్గర పూలమ్మే ఆమె చెప్పింది, భీమవరం వైపు రొయ్యల షెడ్లలో పనికి వెళ్తున్నానందట.

"నేనూ వస్తాను," అంది రాహేలమ్మ.

"కుట్లు నిన్న కాక మొన్న విప్పారు అత్తయ్యా."

"నువ్వెల్తే అది నీ మొహం మీద తలుపేస్తుంది. పురుగులమ్మ వచ్చిందంటుంది. నేనెల్తే తిడుతుంది. తిట్టనీ. తిట్టేదాకా నిలబడుతుందిగా."

 వారిజ క్యారేజీలోంచి ఒక్క కాపరిని చిన్న గాజు గొట్టంలోకి తీసి చేతిసంచిలో వేసుకుంది.

రొయ్యల షెడ్డు లోపల మంచు నీళ్ళు, పచ్చి వాసన. వరసగా నిలబడ్డ ఆడవాళ్ళు రొయ్యల తలలు తుంచి తొక్క ఒలుస్తున్నారు. అందరి మూతులకూ గుడ్డలు. చివర నిలబడ్డ మనిషి వీపు చూసి రాహేలమ్మ గుర్తుపట్టింది.

"తాయారూ!"

వీపు బిగిసింది. తిరగలేదు.

"చెవుడొచ్చిందా? మేస్త్రీని పిలుస్తున్నాను."

"ఇక్కడ నువ్వు మేస్త్రీవి కాదు." తాయారు తిరిగింది. వారిజ మీద కళ్ళు పడగానే చేతిలో రొయ్య కింద పడింది. "దాన్ని ఎందుకు తెచ్చేవు? ఇక్కడ కూడా నా మీదకి పురుగుల్ని ఎక్కించడానికా? పదండి, బయటికి పదండి. ఈళ్ళ ముందు వద్దు."

బయట మంచు పెట్టెలు దొంతర పెట్టిన గోడ నీడలో ముగ్గురూ నిలబడ్డారు. తాయారు చిక్కిపోయింది. మూతి గుడ్డ తీయలేదు.

"తప్పు నాదే తాయారక్కా," అంది వారిజ. "నేనే ఆయనకి చెప్పాను. అడిగి చేస్తాడనుకున్నాను."

"నువ్వు చదువుకున్నదానివి. నీకెన్నో అనిపిస్తాయి. గ్లాసు లాక్కున్నారే నా చేతిలోంచి. నా చేత్తో ఎంతమందికి నీళ్ళు పోసేనో అక్కడ." ఆమె దగ్గింది. మూతి గుడ్డ లాగి గబుక్కున మడిచి పిడికిట్లో దాచుకుంది.

రాహేలమ్మ ఆ పిడికిలి పట్టుకుని బలవంతంగా విప్పింది. గుడ్డ మీద ఎర్రటి మరక.

 రాహేలమ్మ గోడ వైపు తిరిగి, జాకెట్టు పక్కన చీర జరిపి, చంక కింద నుంచి వీపు దాకా సాగిన ఆపరేషన్ గీత చూపించింది.

"చూసేవా? వీళ్ళ డాక్టరు నన్ను పనసకాయ కోసినట్టు కోసేడు. నీ లోపల ఉన్న బూజే నా లోపలా ఉండేది. నా దిండు మీద గుంపుగా కూర్చున్నాయే ఈ పురుగులు. పూతరేకులు తిన్నావని నన్ను దొంగని కూడా చేసేరు."

"తినలేదా?"

"తిన్నాననుకో. అది వేరే సంగతి."

తాయారు మూతి కొద్దిగా వణికింది. నవ్వో ఏడుపో తెలీలేదు.

"నాది కూడా తీస్తారా? తీస్తే బతుకుతానా?"

"బతుకుతావు," అంది వారిజ. "బస్తా మాత్రం ఎత్తలేవు. ఇదివరకట్లా కళ్ళంలో పరుగెత్తలేవు. తియ్యకపోతే ఎప్పుడు ఏమవుతుందో చెప్పలేను. నెత్తురు పడటం మొదలైంది కాబట్టి ఆలస్యం చెయ్యకూడదు."

తాయారు షెడ్డు తలుపు వైపు చూసింది. తర్వాత చెయ్యి చాచింది.

"ఆ పురుగు తెచ్చేవా?"

"తెచ్చాను. కాని అక్కర్లేదు, మరక చూశాను కదా. నేరుగా డాక్టరు దగ్గరికి..."

"ఇలాగియ్యి. నా మీదకి ఒకసారి ఎవరో వదిలేరు. ఈసారి నేను వదులుకుంటాను."

వారిజ గాజు గొట్టం ఆమె చేతిలో పెట్టింది. తాయారు మూత తానే తీసింది. పెదవుల దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపిరి వదిలింది. రాగి గీత మెరిసింది. కాపరి గాజు గోడ పట్టుకుని, ఆగకుండా, ఆమె నోటి వైపు నడిచింది. తాయారు వెనక్కి తగ్గలేదు. అది అంచుకు చేరేదాకా చూసి మూత పెట్టేసింది.

"నిజమే చెబుతుంది ఎదవది," అంది. "పదండి. కాని ఒక మాట. నాకు ఫలానా జబ్బని ఎవరికి చెప్పాలో నేనే చెబుతాను. మీరెవరూ చెప్పకూడదు."

"చెప్పం," అంది వారిజ.

కాకినాడ దారిలో తాయారుకు ఇంకోసారి నెత్తురు పడింది, ఈసారి గుడ్డ నిండా. ప్రకాశం మాట్లాడిన వ్యాను ఎక్కడా ఆగలేదు. ఆస్పత్రి గుమ్మంలో హబీబుల్లా స్ట్రెచర్‌తో సిద్ధంగా నిలబడి ఉన్నాడు. ఆపరేషన్ గది తలుపు మూసుకున్నాక రాహేలమ్మ బెంచీ మీద కూర్చుని, తన పాతికేళ్ళ మేస్త్రీ గొంతుతో ప్రార్థన మొదలుపెట్టింది. నర్సు వచ్చి మెల్లగా చేసుకోమంది. "మెల్లగా చేస్తే పైకి వినపడదమ్మా," అంది రాహేలమ్మ.

తలుపు తెరుచుకుని డాక్టరు మాస్కు దించాడు. ఆయన మొహంలో నవ్వు చూసి వారిజ బెంచీ మీద నిశ్చింతగా కూర్చుంది.

*

ఇప్పుడు కాపరి తల్లులు రాహేలమ్మ ఇంటి వెనక గదిలో ఉన్నాయి. ఉన్న కాస్త చోటులో వారిజ అలమర కట్టుకుంది. హబీబుల్లా తన ఆస్పత్రి తరపున పరీక్ష పద్ధతి రాయించి పై అధికారులకు పంపాడు. మనిషి ఒప్పుకుంటేనే పురుగు, ఫలితం ఆ మనిషికే. అనుమతి వచ్చింది. రోజూ మధ్యాహ్నం పెద్ద గదిలో రాహేలమ్మ చాప పరుస్తుంది. మిల్లు ఆడవాళ్ళు చేటలు పట్టుకుని బియ్యం ఏరుకోవడానికి వస్తారు. ఎవరు ఎందుకు వచ్చారో బయట వాళ్ళకు తెలీదు. కబుర్ల మధ్యలో ఎవరో ఒకరు లేచి వెనక గదిలోకి వెళ్తారు. అక్కడ గాజు గొట్టం పట్టుకుని తాయారు కూర్చుని ఉంటుంది. ఆమె ఇక బస్తా ఎత్తలేదు, పాట కూడా మునుపటిలా అందుకోలేదు, రెండు చరణాలకు ఆయాసం వస్తుంది. పురుగుల పని మాత్రం ఇంకెవరినీ ముట్టనివ్వదు.

"చూపించుకుంటావా? వద్దంటే వద్దు. వెళ్ళి బియ్యం ఏరుకో," అని ముందు అడుగుతుంది. సరేనంటేనే మూత తీస్తుంది. ఇంతవరకూ దొరికిన వాళ్ళెవరూ నెత్తురు పడేదాకా ఆగలేదు.

ఒక మధ్యాహ్నం వారిజ ఫోన్ మోగింది. కోదండం గారు. గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. గేటు దగ్గర పెట్టెలో పురుగులు ఎప్పుడో చచ్చిపోయాయట. గొడవలు మనసులో పెట్టుకోవద్దట. కొత్తవి పంపితే బాగుంటుందట. పాపం, ఆ మాటల మధ్య ఆయన రెండుసార్లు దగ్గాడు కూడా.

వారిజ వెనక గదిలోకి వెళ్ళింది. ఫోన్ తాయారు చేతికిచ్చింది.

"ఆయ్, తాయారునండి," అంది ఆమె చెవి దగ్గర పెట్టుకుని. పెద్ద గదిలో చేటలన్నీ ఆగిపోయాయి. "పురుగులు నా దగ్గరే ఉన్నాయండి. గేటుకి పంపమండి. మీకు చూపించుకోవాలంటే మాత్రం మధ్యాహ్నం రండి. ఎవరికీ చెప్పం లెండి. గ్లాసుతో మంచినీళ్ళు కూడా ఇస్తాం."

ఫోన్ పెట్టేసి వారిజకు తిరిగిచ్చింది. గుమ్మంలో నిలబడ్డ కొత్త మనిషి వైపు తిరిగి, పక్కన చాప తట్టింది.

"రా అమ్మా, కూర్చో. చూపించుకుంటావా, వద్దా?"